నాయనమ్మ మిషనులోని షటిల్ ఎవరిది?

పాత కుట్టుమిషనుకు విడిభాగాలు దొరకడం లేదని వాపోయేవారు రెండు రకాలు. మొదటి రకం వారికి కావలసిన భాగం బజారులోనే ఉంటుంది, కానీ దాన్ని ఏమని అడగాలో వారికి తెలియదు. రెండో రకం వారికి కావలసింది బజారులో ఉండదు, మన ఇళ్ళలో ఉంటుంది. అటక మీదో, మంచం కిందో, దుప్పటి కప్పి దాచిన ఒక మిషను కడుపులో ఉంటుంది. నేను ఈ వ్యాసంలో వాదించబోయేది ఆ రెండో రకం వారి తరఫున. ఎవరి మీద వాదిస్తున్నానంటే, ముందుగా నా మీదే.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయకు అటువైపు ఆంధ్రలోని పాతపట్నం, ఇటువైపు ఒడిశాలోని గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలిపి మాట్లాడుకునే ఊరు. మా అమ్మ సింగర్ 15కె తొక్కుడు మిషను మీద రవికెలు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టి మమ్మల్ని చదివించింది. నాయనమ్మది అంతకంటే పాతది, చేత్తో తిప్పే 28కె. మోడలు అంకె పక్కనున్న ఆ ‘కె’ అన్న అక్షరం స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో కర్మాగారం వెలసిన కిల్‌బోవీ అనే చోటుకు గుర్తు. నాయనమ్మ మిషను మీద చెక్కిన వరుస సంఖ్య ‘వై’తో మొదలవుతుంది, 1920ల నుంచి 1930ల నడిమి దాకా ఆ కర్మాగారంలో తయారైన యంత్రాల మీద కనిపించే అక్షరమది. అంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి మా ఊరు అందులో చేరేనాటికే ఆ మిషను పుట్టి ఉంది. దాని వయసు మా రాష్ట్రం వయసు కంటే ఎక్కువ అని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ గొప్ప తర్వాత నన్ను ఎంత మూర్ఖంగా ప్రవర్తింపజేసిందో ముందుముందు చెబుతాను.

మొదటి రకం వారి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నేను చాలా ఏళ్ళు ఆ రకంలోనే ఉన్నాను. అమ్మ మిషనులో బాబిన్ కేసు, అంటే కింది దారం చుట్టిన బాబిన్‌ను పట్టి ఉంచే భాగం, అరిగిపోయింది. దారం బిగువు నిలవడం లేదు, బట్ట కింద కుట్టు వదులై ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. నేను బరంపురం వెళ్ళిన పని మీదే అక్కడ ఒక మిషను సామాన్ల దుకాణంలో ‘సింగర్ బాబిన్ కేసు’ అని అడిగి, ప్లాస్టిక్ సంచిలో తళతళలాడే కొత్తదాన్ని తెచ్చాను. అది లోపలికి చక్కగా వెళ్ళింది. కానీ మిషను తొక్కగానే సూది విరిగింది. మరో సూది పెడితే అదీ విరిగింది. తప్పు మిషనుదేనని రెండు రోజులు దాన్ని తిట్టుకున్నాను.

మా ఊళ్ళో మిషన్లు బాగుచేసే ఒక ముసలి మిస్త్రీ ఉన్నారు. ఆయన ఆ కేసును వేళ్ళ మధ్య తిప్పి, పాతదాని పక్కన పెట్టి చూపించారు. కేసుకు పైన ఒక చిన్న కొమ్ము ఉంటుంది. అది మిషనులోని గాడిలో కూర్చుంటేనే కేసు కదలకుండా నిలుస్తుంది, సూది దారాన్ని అందుకునే చుట్టూ ఉన్న కొక్కెం మాత్రమే అటూ ఇటూ ఊగుతుంది. అమ్మ 15కె మిషనులో ఆ కొమ్ము గడియారంలో 11 గంటల దిక్కుకు ఉండాలి. నేను తెచ్చినదానికి ఒంటిగంట దిక్కుకు ఉంది. ఆ రెండూ ఒకే ‘15వ తరగతి’ పేరుతో, ఒకే రకం సంచుల్లో, ఒకే మేకుకు వేలాడుతూ అమ్ముడవుతాయి. కొమ్ము గాడిలో కూర్చోకపోతే కొక్కెంతోపాటు కేసూ కదులుతుంది. దిగుతున్న సూది ఖాళీలోకి వెళ్ళే బదులు ఇనుముకు తగులుతుంది.

“మేస్టారూ, పేరు సెప్తే నానేటి సేసుకోవాలి? సామాను సేతిలో ఎట్టండి,” అన్నారాయన. తర్వాత నేను మళ్ళీ బరంపురం వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గరున్న కుర్రవాడు ఒడియాలో అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: “నమునా ఆణిఛంతి కి?” నమూనా తెచ్చారా అని. మొదటిసారి కూడా అతడు ఆ ప్రశ్న అడిగే ఉంటాడు. కంపెనీ పేరు చెప్పడమే గొప్ప తెలివి అనుకున్న నాకు అది వినిపించి ఉండదు.

పేర్ల గందరగోళం నిజంగా పెద్దది. అమ్మ బాబిన్ కేసును ‘డబ్బీ’ అనేది. పక్కింటి అత్తయ్య దాన్నే ‘షటిల్’ అంటుంది. దుకాణంలో షటిల్ అని అడిగితే ఇచ్చేది ఈ రెండూ కాదు, 15వ తరగతి మిషనులో అటూ ఇటూ ఊగే అర్ధచంద్రాకారపు కొక్కెం. ఇక నాయనమ్మ 28కె మిషనులో షటిల్ అంటే పూర్తిగా వేరే వస్తువు, దాని సంగతికి తర్వాత వస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన ఊరు మాది. కుట్టుమిషను భాగాలకు తెలుగు, ఒడియా, సవర పేర్లతో బొమ్మలున్న ఒక పట్టిక ఎవరైనా వేసి మా బజారులో గోడకు తగిలిస్తే, ఎన్ని బస్సు చార్జీలు మిగిలేవో కదా అని నాకు తరచూ అనిపిస్తుంది.

పేరు కంటే నమ్మదగినది భాగం మీద కొట్టిన అంకె. సింగర్ కంపెనీ తన విడిభాగాల మీద ‘సిమాన్కో’ అనే ముద్ర, దాని పక్కన ఒక సంఖ్య వేసేది. సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అన్న పేరును కుదించిన మాట అది. పాత భాగాన్ని కిరసనాయిలులో కడిగి, ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఆ అంకె చాలాసార్లు కనబడుతుంది. బాబిన్ కేసులకు ఒకటి, పొడవాటి బాబిన్లకు ఒకటి, చివరికి స్క్రూలకు కూడా వేరు వేరు అంకెలు ఉంటాయి. నూరేళ్ళ కిందటి భాగానికి ఆ అంకె ఇప్పటికీ చిరునామాలా పనిచేస్తుంది.

స్క్రూల దగ్గర నేను చేసిన తప్పు మాత్రం ఇంకా గుచ్చుతూనే ఉంది. బట్టను నొక్కి పట్టే పాదాన్ని బిగించే స్క్రూ ఒకటి పోయింది. ఇంత చిన్నదానికి బరంపురం ఎందుకని హార్డ్‌వేర్ దుకాణంలో దాదాపు అదే లావున్న 3.5 మిల్లీమీటర్ల స్క్రూ కొన్నాను. అది మూడు చుట్లు హాయిగా ఎక్కింది. నాలుగో చుట్టుకు బిగుసుకుంది. నేను కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పాను. అప్పుడు వచ్చిన కిర్రుమన్న చప్పుడు పాదం కడ్డీలోని మర చెడిపోయిన చప్పుడు. సింగర్ వారి స్క్రూలకు మామూలు బజారు కొలతలు వర్తించవు. ఆ స్క్రూ లావు అంగుళంలో 64వ వంతులు తొమ్మిది, అంటే సుమారు 3.57 మిల్లీమీటర్లు, అంగుళానికి 40 చుట్లు, అంటే చుట్టుకు చుట్టుకు మధ్య దూరం 0.635 మిల్లీమీటర్లు. నేను కొన్నదానికి ఆ దూరం 0.6. తేడా వెంట్రుకవాసి కూడా కాదు. కానీ ప్రతి చుట్టుకూ అది పోగుపడుతుంది, నాలుగైదు చుట్లకు ఇనుము ఇనుమును కొరుకుతుంది. ‘దాదాపు సరిపోయింది’ అనే మాట కుట్టుమిషను విషయంలో ‘అసలు సరిపోలేదు’ అనే మాట కంటే ప్రమాదకరమని నేను ఒక పాదం కడ్డీని పాడుచేసుకుని నేర్చుకున్నాను.

సూదులదీ ఇదే కథ. గృహిణులు, దర్జీలు వాడే మామూలు మిషను సూదికి మొదలు 2 మిల్లీమీటర్ల లావుంటుంది, దానికి ఒక పక్క చదునుగా ఉంటుంది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ మిషను సూది మొదలు గుండ్రంగా 1.6 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండోదాన్ని మొదటిదాని స్థానంలో దూర్చి బిగిస్తే బిగుసుకుంటుంది, కానీ సూది నడిమధ్యన నిలవదు, ఏ దిక్కుకు తిరిగిందో కూడా తెలియదు, కుట్టు తప్పుతుంది. బరంపురం పట్టు మీద 11 నంబరు సూదితో కుట్టవలసిన చోట 16 నంబరుతో పొడిచి బట్టను జల్లెడ చేయడం ఇంకో రకం తెలివితక్కువతనం. అయితే అది సూది ఎంపికకు సంబంధించినది కాబట్టి దాన్ని వదిలేస్తాను.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి 15కె ఉన్నవారికి నిజమైన కరువు లేదని తేలుతుంది. దానికి కారణం పూర్తిగా సింగర్ దయ కాదు. ఆ 15వ తరగతి నమూనానే లోకమంతా అనుకరించింది. 1930ల నడుమ కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు మొదలుపెట్టింది, తర్వాతి కాలంలో లుధియానా మిషన్లకూ విడిభాగాలకూ పెద్ద కేంద్రంగా ఎదిగింది. అసలు సింగర్ భాగమే కావాలి, లుధియానా నకలు వద్దు అని ముక్కు విరిచేవారిని చూస్తే నాకు ఓర్పు నశిస్తుంది. ఆ నకళ్ళే లేకపోతే పల్లెటూరి దర్జీల మిషన్లు ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయేవి. కొన్ని నకళ్ళ ఉక్కు మెత్తగా ఉండి త్వరగా అరుగుతుందన్నది నిజమే. నేను కొన్న కొక్కెం ఒకటి రెండేళ్ళు తిరగకుండానే మొన పోగొట్టుకుంది. అయినా రెండేళ్ళు బట్ట కుట్టిందిగా.

ఇక రెండో రకం. నా వాదమంతా ఇక్కడే ఉంది.

నాయనమ్మ 28కె మిషనులో గుండ్రటి బాబిన్ లేదు. సన్నగా పొడవుగా, రెండు చివరలా చిన్న బిళ్ళలతో పుల్లలాంటి బాబిన్ ఒకటి ఉంటుంది. అది తూటా ఆకారంలో ఉన్న ఉక్కు షటిల్‌లోకి వెళ్తుంది. బరంపురం నేతగాళ్ళ మగ్గంలో నాడె పడుగు సందులోంచి అటూ ఇటూ పరుగెత్తినట్టే, ఈ షటిల్ కూడా మిషను బల్ల కింద చిన్న ఒంపులో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సూది కిందికి దిగి కొంచెం పైకి లేవగానే దారం ఉచ్చులా విడుతుంది. షటిల్ మొన ఆ ఉచ్చులో దూరుతుంది, దాని వెంట షటిల్ మొత్తం ఉచ్చులోంచి దాటిపోతుంది. గుండ్రటి బాబిన్ మిషనులో కొక్కెం దారాన్ని కేసు చుట్టూ తిప్పుతుందే తప్ప ఇలా వస్తువు మొత్తం దారం మధ్యలోంచి పోదు. అందుకే 28కె షటిల్ మొన నుంచి తోక దాకా అద్దంలా నునుపుగా ఉండాలి. గోటికి తగిలీ తగలనంత గరుకు ఉన్నా దారం పట్టుకుంటుంది, తెగుతుంది. మొన మొద్దుబారితే ఉచ్చులో దూరదు, కుట్టు తప్పుతుంది.

ఈ మిషనుకు సూది ఇప్పటికీ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, ఎందుకంటే ఇది వాడేదీ ఇప్పటి ఇళ్ళలోని మిషన్లు వాడేదీ ఒకే జాతి సూది. షటిల్ మాత్రం మా పరిసరాల్లో ఏ దుకాణంలోనూ లేదు. నేను బరంపురంలో అడిగాను, శ్రీకాకుళంలో అడిగాను, విశాఖపట్నంలోనూ అడిగాను. ఎక్కడ చూసినా కొత్త కుర్రవాళ్ళు అర్ధచంద్రపు కొక్కెం తెచ్చి బల్ల మీద పెట్టారు, పెద్దవాళ్ళు మాత్రం నా చేతిలోని నమూనాను తీసుకుని, బాల్య స్నేహితుణ్ణి చూసినట్టు చూసి, తిరిగి ఇచ్చేశారు.

విదేశాల్లో దీనికి నకళ్ళు తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. నునుపు విషయంలో వాటన్నిటినీ ఒకేలా నమ్మడానికి లేదు. మన లేతు పనివాడు చేయలేడా అని అడుగుతారు. ఒక స్క్రూ, ఒక ఇరుసు చేయగలడు. కానీ లోపల బోలుగా, బయట ఒంపుగా, మొనకు గట్టిదనం పట్టించి, పక్కన రెప్పంత రేకు స్ప్రింగును సూక్ష్మమైన స్క్రూతో బిగించిన ఉక్కు తూటాను ఒక్కదాన్ని చేయడమంటే పెళ్ళికి ఒక్క అప్పడం కోసం పొయ్యి కట్టడం లాంటిది. వేలకొద్దీ చేసే చోటనే అది చవక. క్లైడ్‌బ్యాంక్ కర్మాగారం 1913లో ఒక్క ఏడాదిలోనే 13 లక్షలకు పైగా మిషన్లను బయటికి పంపింది. 1980లో అది మూతపడింది. 1924లో గాంధీజీ యంత్రాల మీద తన అభ్యంతరం నుంచి సింగర్ కుట్టుమిషనును మినహాయించినప్పుడు, మరి దాన్ని తయారుచేయడానికి కర్మాగారం కావాలి కదా అన్న ప్రశ్న ఆయనకు ఎదురైంది. అలాంటి కర్మాగారాలు ప్రభుత్వం చేతిలో ఉండాలని ఆయన జవాబిచ్చారు. ఆ జవాబు మంచిదా కాదా అన్న చర్చ నాకు వద్దు, కానీ ఆ ప్రశ్న మాత్రం గట్టిది. ఇంట్లోని మిషను ఎంత స్వతంత్రంగా కనిపించినా, దాని షటిల్ ఎక్కడో ఉన్న కర్మాగారంతో ముడిపడి ఉంది. ఆ ముడి తెగాక మిగిలిన షటిళ్ళు ఇప్పటికే తయారై ఉన్నవి మాత్రమే. అవి పనిచేసే మిషన్లలో అరుగుతూనో, పనిచేయని మిషన్లలో దుమ్ము పట్టి పడుకునో ఉన్నాయి.

నాలుగేళ్ళ కిందట మిస్త్రీగారు ఒక సవర దర్జీని వెంటపెట్టుకుని మా ఇంటికి వచ్చారు. గుమ్మా వైపు కొండ ఊళ్ళలో జరిగే సంతలకు ఆయన చేతి మిషనును సైకిలు వెనుక కట్టుకుని వెళ్తాడు, చింతచెట్టు కింద చాప పరుచుకుని చిన్నపిల్లల గౌన్లు కుడతాడు, చిరిగినవాటికి అతుకులు వేస్తాడు. తొక్కుడు మిషను సైకిలు మీద కదలదు, కరెంటు మిషనుకు చింతచెట్టు కింద ప్లగ్గు లేదు. కాబట్టి ఆ పనికి 28కె తప్ప మరొకటి పనికిరాదని అనను గానీ, అంతకంటే పనికొచ్చేది నాకు తోచడం లేదు. ఆయన మిషనులో షటిల్ మొన అరిగిపోయింది. మిస్త్రీగారు సన్న ఎమరీ కాగితంతో దాన్ని అప్పటికే రెండుసార్లు సానపెట్టారట. సానపెట్టిన ప్రతిసారీ మొన కొంచెం పొట్టిదవుతుంది, పొట్టిదైన కొద్దీ ఉచ్చును ఆలస్యంగా అందుకుంటుంది. ఇక మూడోసారి కుదరదు.

“మీ నాయనమ్మగారిది కుట్టడం నేదు కదా మేస్టారూ,” అన్నారు మిస్త్రీగారు, అంతకుమించి ఏమీ అడగకుండా.

నేను కుదరదన్నాను. నాయనమ్మ గుర్తు అన్నాను. పూర్తిగా ఉన్న పాత వస్తువును విప్పడం పాపమని, ఒక భాగం తీస్తే దాని విలువ పోతుందని, ఎక్కడో చదివిన మాటలన్నీ చెప్పాను. దర్జీకి తెలుగు కొద్దిగానే అర్థమవుతుంది. నా ముఖం మాత్రం బాగా అర్థమైనట్టుంది. విదేశీ నకలు తెప్పించుకోమని ఒక సలహా కూడా ఇచ్చాను, సంతలో గౌను కుట్టి బతికేవాడికి. ఆ సలహా గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వారు వెళ్ళిపోయాక దుప్పటి తీసి మిషనును చూశాను. పూర్తిగా ఉన్న వస్తువని నేను చెప్పింది అబద్ధం. బల్ల మీద షటిల్ గుంతను కప్పే జారుడు పలకల్లో ఒకటి నా చిన్నతనంలోనే పోయింది. బాబిన్ చుట్టే చక్రానికున్న రబ్బరు రింగు రాయిలా గట్టిపడింది. నూనె ఎండి జిగురై, చేతి పిడి పావు వంతు తిరిగి ఆగిపోతోంది. అందులో చెడకుండా మిగిలింది షటిల్ ఒక్కటే, ఎందుకంటే నాయనమ్మ దాన్ని తీసి, నూనె రాసిన గుడ్డలో చుట్టి, పెట్టెలో దాచేది. ఆమె దాన్ని ఎందుకలా దాచేది? గుర్తుగా కాదు, మర్నాడు మళ్ళీ కుట్టడానికి.

నా అభ్యంతరాలను నేనే ఒక్కొక్కటిగా విచారించుకున్నాను. గుర్తు అన్న మాటలో నిజం లేకపోలేదు. చనిపోయినవారి వస్తువును తాకినప్పుడు కలిగే భావాన్ని నేను తక్కువ చేయను. కానీ గుర్తు ఉండేది నల్లటి రంగు మీద వెలసిపోయిన బంగారు తీగల్లో, నాయనమ్మ అరచేతికి అరిగి మెరిసే చెక్క పిడిలో, ఆమె సూదులు గుచ్చి ఉంచిన ఎర్ర గుడ్డముక్కలో. బల్ల కింద ఎవరికీ కనబడని ఉక్కు తూటాలో ఏ గుర్తూ లేదు. నేను దాన్ని నా జీవితంలో మూడుసార్లు కూడా చూసి ఉండను. ఇక విలువ అన్న మాట. అమ్మే ఉద్దేశం లేనివాడు విలువ గురించి బెంగపడటం వింత. పూర్తిగా ఉండి, నూనె వేస్తే తిరిగే మిషనును విప్పవద్దన్న నియమం సరైనదే, దాన్ని నేనూ ఒప్పుకుంటాను. అలాంటిదాన్ని విప్పడం కంటే కుట్టగలిగినవారికి ఇవ్వడం మేలు. కానీ పలకలు పోయి, ఇరుసులు బిగుసుకుపోయి, ఇంట్లో ఎవరూ కుట్టని మిషను విషయంలో ఆ నియమాన్ని చెప్పుకోవడం లోభానికి సంప్రదాయం అని పేరు పెట్టుకోవడమే.

కొత్త మిషను కొనుక్కోవచ్చు కదా అన్నది మరో మాట, అది నన్ను కాదు దర్జీని ఉద్దేశించి అనేది. కొత్త మిషన్లు చెడ్డవని నేను అనను. 28కె వెనక్కి కుట్టలేదు, జిగ్‌జాగ్ రాదు, బాబిన్ చిన్నది కావడంతో దారం త్వరగా అయిపోతుంది. ఇవన్నీ నిజమైన లోపాలు. కానీ దర్జీకి కావలసింది వేలెడంత షటిల్. దానికి బదులు మొత్తం మిషనునే మార్చుకోమనడం, చెప్పు తెగినవాడిని కాలు మార్చుకోమన్నట్టుంటుంది.

గుర్తుగా దాచుకునేవారి కంటే ఎక్కువ నష్టం చేస్తున్నవారు మరొకరున్నారు, వారిని కూడా వదలను. పాత తొక్కుడు మిషను కింది ఇనుప చట్రాన్ని కొని, దాని మీద పాలరాయి పలక వేసి, హోటళ్ళకూ కొత్త ఇళ్ళ వరండాలకూ బల్లలుగా అమ్మే వ్యాపారం పట్టణాల్లో ఊపందుకుంది. చట్రం మీద పోతపోసిన అక్షరాలు అందంగా ఉంటాయన్నది నిజమే. వారికి కావలసింది చట్రమే కనుక, పైనున్న మిషను తల పాత ఇనుము కింద తూకానికి పోతుంది. నేనొక పాత సామాన్ల కొట్టు వెనుక అలాంటి తలలు గుట్టగా పడి ఉండటం చూశాను. వానకు తడిసి, తుప్పు పట్టి, కొన్నింటికి బాబిన్ కేసు లోపలే ఉంది. ప్రతి తలలో పది పదిహేను దొరకని భాగాలుంటాయి: ఫీడ్ పళ్ళు, సూది పలక, టెన్షన్ బిళ్ళలు, వాటి మధ్యనుండే వెంట్రుకంత స్ప్రింగు, బజారులో దొరకని కొలతల స్క్రూలు. విప్పడానికి మిస్త్రీకి ఒక పూట పడుతుంది. చట్రం కొన్నవారు తలను కరిగించడానికి కాక మిస్త్రీకి ఇస్తే వారి బల్ల అందం ఏమీ తరగదు.

మా మిస్త్రీగారి కొట్టులో ఒక గోడంతా తీగలు వేలాడుతుంటాయి. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క రకం భాగాన్ని గుచ్చి ఉంచుతారు. పూల దండల్లా ఉన్న ఆ తీగలలో 15వ తరగతి తీగలు నిండుగా ఉంటాయి, 99కె అనే మరో సింగర్ మోడలు తీగకు నాలుగైదు భాగాలు ఉంటాయి. చివరి తీగ ఎప్పుడూ ఖాళీ. అది ఏ మిషనుదని నేను అడగలేదు.

రెండేళ్ళ తర్వాత, అంటే సిగ్గుపడటానికి నాకు అంత కాలం పట్టిందన్నమాట, నాయనమ్మ పెట్టెలోంచి ఆ గుడ్డ మూటను తీసి కొట్టుకు తీసుకెళ్ళాను. దర్జీ ఈలోగా పని మానేసి ఉంటాడనుకున్నాను. మానలేదట, కుట్టు తప్పినచోటల్లా చేత్తో కుట్టి పూరిస్తూ నెట్టుకొస్తున్నాడట. మిస్త్రీగారు షటిల్‌ను చెంపకు ఆనించి నునుపు చూశారు. తర్వాత కబురు పంపారు. గురువారం నాడు దర్జీ వచ్చాడు. షటిల్‌ను తన మిషనులో పెట్టి, పాత చీర ముక్క మీద జానెడు కుట్టు వేసి, బట్టను తిరగేసి చూసి, నా చేతికిచ్చాడు. రెండు పక్కలా కుట్టు ఒకేలా ఉంది. డబ్బు వద్దన్నాను. అతడు ఒప్పుకోలేదు; మరుసటి సంతకు ఒక సంచి నిండా చింతపండు తెచ్చాడు, దానితోపాటు తన పాత షటిల్‌ను కూడా నా చేతిలో పెట్టాడు, ఖాళీగా ఉంచకూడదన్నట్టు.

మిస్త్రీగారు నాయనమ్మ మిషనును కిరసనాయిలుతో కడిగి, బిగిసిన ఇరుసులు వదిలించి ఇచ్చారు. పోయిన జారుడు పలక స్థానంలో ప్రస్తుతానికి ఒక రేకు ముక్క ఉంది. చేతి పిడి ఇప్పుడు పూర్తిగా తిరుగుతోంది. అరిగిన ఆ షటిల్‌ను అందులో పెట్టి, తలగడ గలీబు ఒకటి కుట్టి చూశాను. ప్రతి మూడో కుట్టు తప్పుతోంది.